ఎంత ఆలస్యమైతే అంత బరువు

ఒక మీటరు పొడవున్న స్టీలు గొట్టాన్ని ఊహించుకోండి. లోపలి గాలినంతా పంపులతో తోడేశారు. ఒక చివర 20,000 వోల్టుల విద్యుత్తు పెట్టిన లోహపు పలక ఉంది. రెండో చివర, వచ్చి తగిలిన ప్రతి కణాన్నీ పసిగట్టే డిటెక్టర్ ఉంది. పలక దగ్గర ఒక ప్రోటీన్ ముక్కను ఉంచాం. దాని ద్రవ్యరాశి 1000 డాల్టన్లు, అంటే ఇంచుమించు వెయ్యి హైడ్రోజన్ పరమాణువులంత. దానికి ఒక ధనావేశం ఎక్కించి వదిలాం. అది సెకనుకు 62 కిలోమీటర్ల వేగం అందుకుని 16 మైక్రోసెకన్లలో అవతలి చివరకు చేరుతుంది. సెకనును లక్ష భాగాలు చేస్తే ఒకటిన్నర భాగం పైచిలుకు.

ఇప్పుడు అదే చోటు నుంచి 1001 డాల్టన్ల ముక్కను వదులుదాం. ఒక్క హైడ్రోజన్ ఎక్కువ. అది ఎనిమిది నానోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. ఎనిమిది నానోసెకన్లలో వెలుతురు కూడా రెండున్నర మీటర్ల దూరం పోలేదు. అంత చిన్న ఆలస్యాన్ని నమ్మకంగా కొలవగలిగితే ఒక హైడ్రోజన్ పరమాణువు తేడాను తూచినట్టే. టైమ్ ఆఫ్ ఫ్లైట్ మాస్ స్పెక్ట్రోమీటర్ చేసే పని ఇదే. ప్రయోగశాలల్లో దాన్ని టాఫ్ అంటారు. మనమూ అలాగే అందాం.

దీని వెనకున్న సూత్రానికి హైస్కూలు భౌతికశాస్త్రం చాలు. ఆవేశమున్న కణం ఒక వోల్టేజీ గుండా దూసుకుపోతే దానికి దక్కే శక్తి రెండు విషయాలను బట్టి ఉంటుంది: ఆవేశమెంత, వోల్టులెన్ని. కణం బరువుతో నిమిత్తం లేదు. కాబట్టి ఒకే ఆవేశం మోస్తున్న చిన్న అణువుకూ పెద్ద అణువుకూ సరిసమానంగా గతిజశక్తి అందుతుంది. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి సగం చేస్తే వచ్చేదే గతిజశక్తి. అది సమానమైనప్పుడు బరువు పెరిగిన కొద్దీ వేగం తగ్గక తప్పదు. నాలుగు రెట్లు బరువైన అణువు సగం వేగంతో పోతుంది, రెట్టింపు సమయం తీసుకుంటుంది. అంటే ప్రయాణకాలం ద్రవ్యరాశి వర్గమూలం లెక్కన పెరుగుతుందన్నమాట. మన గొట్టంలో 4000 డాల్టన్ల అణువుకు 32 మైక్రోసెకన్లు పడుతుంది. 5808 డాల్టన్లుండే ఇన్సులిన్‌కు 39 పడుతుంది. ఒంటరి ప్రోటాన్ అర మైక్రోసెకనులో దాటేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2000 డాల్టన్ల అణువు మీద రెండు ఆవేశాలుంటే దానికి దక్కే శక్తి కూడా రెట్టింపవుతుంది. అప్పుడది ఒక ఆవేశమున్న 1000 డాల్టన్ల అణువుతో పాటే చేరుతుంది. టాఫ్ నిజంగా కొలిచేది ద్రవ్యరాశిని ఆవేశంతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని. ఆవేశాలెన్నో వేరే ఆధారాలతో తేల్చుకోవాలి.

సూత్రం ఇంత తేలికైనప్పుడు పరికరం కూడా తేలికగానే పుట్టి ఉండాలి. అలా జరగలేదు. దాన్ని సరిగా పనిచేయించడానికి యాభై ఏళ్లు పట్టింది. ఎందుకో అర్థం కావాలంటే గొట్టం మీది నుంచి దృష్టి మళ్లించాలి. గొట్టం నిజానికి ఏ పనీ చేయదు. అందులో విద్యుత్ క్షేత్రం లేదు, అయస్కాంతం లేదు, అయాన్లు, అంటే ఆవేశమున్న కణాలు, తమ మానాన తాము పోతుంటాయి. చిక్కంతా బయలుదేరే చోట ఉంది. ఎనిమిది నానోసెకన్ల తేడా పట్టాలంటే అయాన్లన్నీ ఒకే క్షణాన, ఒకే గీత దగ్గర, ఒకే స్థితిలో నిలబడి ఉండాలి. అణువులు అలా నిలబడవు. నా దృష్టిలో టాఫ్ చరిత్ర అంటే ఈ బయలుదేరే గీతను దిద్దుకుంటూ వచ్చిన చరిత్రే.

మొదట ఆలోచన ఎక్కడిదో చూద్దాం. అయాన్లను ద్రవ్యరాశిని బట్టి వేరు చేయడం కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ కాలం నుంచీ ఉంది. ఆయన శిష్యుడు ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో కట్టిన పరికరం నియాన్‌లో 20, 22 బరువులున్న రెండు రకాల పరమాణువులున్నాయని తేల్చింది. 1922లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ పరికరాలు విద్యుత్, అయస్కాంత క్షేత్రాలతో అయాన్ల దారిని వంచేవి, బరువైనవి తక్కువ వంగేవి. దారి వంచకుండా సమయం కొలిస్తే చాలదా అన్న ప్రతిపాదన 1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం స్టీఫెన్స్ అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశంలో చేశాడు. ఆ సంవత్సరానికి అర్థముంది. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ కోసం జరిగిన కృషి వల్ల మైక్రోసెకన్ల విద్యుత్ తరంగాలను పుట్టించడం, వాటిని ఆసిలోస్కోపు తెర మీద చూడడం ఇంజనీర్లకు చేతికొచ్చింది. 1948లో కామెరాన్, ఎగ్గర్స్ అనే ఇద్దరు అలాంటి పరికరాన్ని నిజంగా కట్టి, దానికి వెలాసిట్రాన్ అని పేరు పెట్టి, ఫలితాలు ప్రచురించారు. అందులో ఒక్కో ద్రవ్యరాశిని సూచించే శిఖరాలు కనబడ్డాయి కానీ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. పక్కపక్క ద్రవ్యరాశులను విడదీసే శక్తి దానికి లేదు.

ఎందుకు లేదు? వాయువును అయాన్లుగా మార్చే గది కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఆ మందంలో అయాన్లు అన్ని చోట్లా పుడతాయి. డిటెక్టర్‌కు దగ్గరగా పుట్టినవి ముందు చేరతాయి, వెనక పుట్టినవి తర్వాత చేరతాయి. ఇది మొదటి చిక్కు. పైగా అవి పుట్టేటప్పటికే కదులుతూ ఉంటాయి. వోల్టేజీ పెట్టిన క్షణాన కొన్ని డిటెక్టర్ వైపు పోతుంటే కొన్ని అటు వీపు పెట్టి పోతుంటాయి. వీపు పెట్టినవి ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ తామున్న చోటికి వచ్చేలోపు కొంత సమయం వృథా. ఇది రెండో చిక్కు. ఒకే బరువున్న అయాన్లే ఇలా ముందూ వెనకా చేరుతుంటే పక్క బరువు వాటితో కలిసిపోవడంలో వింతేముంది?

1955లో డెట్రాయిట్‌లోని బెండిక్స్ సంస్థ పరిశోధనశాలలో విలియం వైలీ, ఇయాన్ మెక్‌లారెన్ ఈ రెండు చిక్కులకూ కనిపెట్టిన మందు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మొదటి చిక్కులోనే దాని పరిష్కారం దాగి ఉందని వాళ్లు గమనించారు. వెనక పుట్టిన అయాను విద్యుత్ క్షేత్రంలో ఎక్కువ దూరం పోతుంది. కాబట్టి ఎక్కువ శక్తి సంపాదిస్తుంది. అంటే దాని వేగం కొంచెం ఎక్కువ. వెనకబడి బయలుదేరినా ముందున్న దాన్ని ఎక్కడో ఒక చోట అందుకుని తీరుతుంది. సరిగ్గా ఆ అందుకునే చోట డిటెక్టర్ పెడితే ఇద్దరూ ఒకేసారి చేరినట్టు. ఒకే క్షేత్రం పెడితే ఆ చోటు మరీ దగ్గరగా వస్తుంది. అప్పుడు వేరువేరు బరువులు విడిపోవడానికి దూరం చాలదు. అందుకని వాళ్లు క్షేత్రాన్ని రెండు అంచెలు చేశారు, మొదటిది బలహీనం, రెండోది బలం. రెండింటి నిష్పత్తి మార్చి కలిసే చోటును గొట్టం చివరిదాకా జరిపారు. రెండో చిక్కుకు మందు ఇంకా సరళం: కాసేపు ఆగడం. అయాన్లు పుట్టగానే వోల్టేజీ పెట్టకుండా క్షణకాలం ఆగితే, వెనక్కి పోతున్నవి ఇంకొంచెం వెనక్కి పోతాయి. ముందుకు పోతున్నవి ఇంకొంచెం ముందుకొస్తాయి. అప్పుడు వోల్టేజీ పెడితే వెనక ఉన్న వాటికి ఎక్కువ శక్తి, ముందున్న వాటికి తక్కువ శక్తి. మళ్లీ సర్దుబాటు.

బెండిక్స్ వాళ్లు ఈ పరికరాన్ని అమ్మకానికి తెచ్చారు. దానికి సాటిలేని గుణం ఒకటుంది. ఒక్క విడతలో బయలుదేరిన అయాన్లన్నీ, తేలికవీ బరువైనవీ, వరసగా వచ్చి డిటెక్టర్‌ను తాకుతాయి. ఒక బరువును దారికి రానిచ్చి మిగతా వాటిని పారేసే పద్ధతి ఇందులో లేదు. పైగా ఒక విడత పూర్తి కావడానికి పట్టేది మైక్రోసెకన్లే కనుక సెకనులో వేల విడతలు నడపొచ్చు. డౌ కెమికల్ సంస్థలో రోలండ్ గోల్కె, ఫ్రెడ్ మెక్‌లాఫర్టీ 1950ల మధ్యలోనే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌ను టాఫ్‌కు కలిపారు. మిశ్రమంలోని పదార్థాలు ఒక్కొక్కటిగా బయటికొస్తుంటే వాటి స్పెక్ట్రమ్ అప్పటికప్పుడు తెర మీద కనబడేది. నేటి రసాయన ప్రయోగశాలల్లో నిత్యం వాడే జీసీ-ఎంఎస్ మొదలైంది అక్కడే.

అయినా 1960లు, 70లు టాఫ్‌కు గడ్డురోజులే. నాలుగు కడ్డీల క్వాడ్రుపోల్ పరికరాలు చవకగా, చిన్నగా, నమ్మకంగా వచ్చి మార్కెట్‌ను ఆక్రమించాయి. ఆ రోజుల్లో లెనిన్‌గ్రాడ్‌లోని అయోఫే భౌతిక సాంకేతిక సంస్థలో బోరిస్ మమీరిన్ మాత్రం పట్టు వదల్లేదు. బయలుదేరేటప్పుడు ఎంత దిద్దినా అయాన్ల శక్తుల్లో కొద్ది తేడా మిగిలే ఉంటుంది. దాన్ని ప్రయాణం మధ్యలో సరిచేయొచ్చని ఆయన చూపించాడు. గొట్టం చివర డిటెక్టర్‌కు బదులు వోల్టేజీ క్రమంగా పెరుగుతూ పోయే లోహపు వలయాల వరస పెట్టాడు. అయాన్లు అందులోకి ఎగబాకి, వేగం తగ్గి, ఆగి, వెనక్కి తిరుగుతాయి. అయాన్లకు అదొక అద్దం. దాన్నే రిఫ్లెక్ట్రాన్ అన్నారు.

బంతిని పైకి విసరండి. గట్టిగా విసిరితే ఎక్కువ ఎత్తుకు పోతుంది, చేతికి తిరిగి రావడానికి ఎక్కువ సేపు పడుతుంది. మెల్లగా విసిరితే త్వరగా వచ్చేస్తుంది. రిఫ్లెక్ట్రాన్‌లో జరిగేది అచ్చంగా అదే. ఒకే బరువున్న రెండు అయాన్లలో వేగమైనది అద్దంలోకి లోతుగా వెళ్తుంది, అక్కడ ఎక్కువ సేపు గడుపుతుంది. నెమ్మదైనది పైపైనే తిరిగి వచ్చేస్తుంది. ఖాళీ గొట్టంలో వేగమైనది సంపాదించిన ఆధిక్యాన్ని అద్దం తీసేసుకుంటుంది. గొట్టంలో గడిపే కాలం వేగం పెరిగితే తగ్గుతుంది, అద్దంలో గడిపే కాలం వేగం పెరిగితే పెరుగుతుంది. రెండింటినీ సరితూచి పెడితే ఆ చిన్న తేడాలు దాదాపు రద్దయిపోతాయి. పైగా దారి రెట్టింపవుతుంది, పరికరం మాత్రం పొడవు పెరగదు. మమీరిన్ బృందం 1973లో ఈ పరికరం వివరాలు ప్రచురించింది. ఇప్పుడు మంచి టాఫ్ ఏది విప్పి చూసినా లోపల ఆ వలయాల వరస ఉంటుంది. మమీరిన్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనబడకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

అయితే అప్పటికీ ప్రోటీన్లు ఈ గొట్టంలోకి రాలేదు. వాయువుగా మార్చి అయానుగా చేయడం చిన్న అణువుల విషయంలో కుదురుతుంది. ప్రోటీన్‌ను వేడి చేస్తే ఆవిరవదు, మాడిపోతుంది. గుడ్డులోని తెల్లసొనను పెనం మీద వేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. లేజర్ కిరణంతో ఒక్క క్షణం కొడితే మాడేలోపే ఎగిరిపోతుందేమోనని చాలామంది ప్రయత్నించారు. అణువు ముక్కలైపోయింది.

క్యోటోలోని షిమాజు సంస్థలో కోయిచి తనాకా అనే యువ ఇంజనీరు ఈ పనిలో ఉన్నాడు. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, డాక్టరేట్ లేదు. లేజర్ శక్తిని పీల్చుకోవడానికి అతిసన్నని కోబాల్టు పొడిని వాడి చూస్తున్నాడు. ఆ పొడిని అసిటోన్‌లో కలపాలి. 1985లో ఒకరోజు పొరపాటున గ్లిజరిన్‌లో కలిపేశాడు. ఖరీదైన పొడి పారేయడం ఇష్టం లేక ఆ మిశ్రమాన్నే పరికరంలో పెట్టాడు. అందులో ఉన్నది విటమిన్ బి12. అంతవరకూ ముక్కలుగా తప్ప కనబడని అణువు చెక్కుచెదరకుండా వచ్చింది. లోహపు పొడి వెలుతురును పీల్చుకుంది, గ్లిజరిన్ ఆ వేడిని మెత్తగా పంచింది. ఆ దారిన పోయి ఆయన బృందం పాతికవేల డాల్టన్లు దాటిన ప్రోటీన్లను ఎగరేసింది.

సరిగ్గా అదే కాలంలో జర్మనీలో మైఖేల్ కరాస్, ఫ్రాంజ్ హిల్లెన్‌క్యాంప్ వేరే దారిలో అక్కడికే చేరారు. అలనిన్ అనే అమైనో ఆమ్లం ఒంటరిగా ఉంటే వాళ్ల లేజర్‌కు స్పందించలేదు. ఆ వెలుతురును బాగా పీల్చుకునే ట్రిప్టోఫాన్‌తో కలిపితే అలనిన్ అయాన్లు కూడా వచ్చాయి. అంటే పీల్చుకునే పని ఒకరిది, ఎగిరే పని మరొకరిది కావచ్చు. ఆ పీల్చుకునే పదార్థానికి వాళ్లు మ్యాట్రిక్స్ అని పేరు పెట్టారు. పద్ధతి పేరు మాల్డీ. ప్రోటీన్ ఒక పాలుంటే మ్యాట్రిక్స్ వేల పాళ్లు కలిపి ఆరబెడతారు. ప్రోటీన్ అణువులు మ్యాట్రిక్స్ స్ఫటికాల్లో ఒకదానికొకటి దూరంగా ఇరుక్కుని ఉంటాయి. లేజర్ తాకగానే స్ఫటికం పైపొర గప్పున ఆవిరై పైకి లేస్తుంది, ప్రోటీన్‌ను మోసుకుపోతుంది. ఆ గందరగోళంలో మ్యాట్రిక్స్ ఒక ప్రోటాన్‌ను ప్రోటీన్‌కు అంటగడుతుంది. ఆ ప్రోటాన్ చేతులు మారే తీరు గురించి నిపుణుల్లో ఇంకా వాదోపవాదాలున్నాయి.

2002లో రసాయనశాస్త్ర నోబెల్‌లో తనాకాకు భాగం వచ్చింది, కరాస్, హిల్లెన్‌క్యాంప్‌లకు రాలేదు. పెద్ద ప్రోటీన్‌ను మొదట చూపించింది తనాకాయే, అందులో సందేహం లేదు. కానీ ఈ రోజు ప్రపంచంలో ఏ ప్రయోగశాలకు వెళ్లినా కోబాల్టు, గ్లిజరిన్ కనబడవు. జర్మన్ల దారిలో వచ్చిన సేంద్రియ ఆమ్లాల మ్యాట్రిక్సే కనబడుతుంది. ముగ్గురినీ కలిపి గౌరవించి ఉంటే న్యాయంగా ఉండేదని నా అభిప్రాయం.

మాల్డీకి, టాఫ్‌కు జత కుదరడం సహజంగా జరిగింది. లేజర్ మెరుపు కొన్ని నానోసెకన్లే ఉంటుంది. బయలుదేరే క్షణం దానంతటదే నిర్ణయమైపోతుంది. గొట్టంలో ఎంత బరువైనా పోవచ్చు, సూత్రప్రాయంగా పై హద్దు లేదు. కానీ స్ఫటికం నుంచి లేచిన ఆవిరిలో అణువులన్నీ సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగంతో, ఒకటి కొంచెం ఎక్కువగా ఒకటి కొంచెం తక్కువగా, ఎగిసిపడతాయి. శిఖరాలు మళ్లీ లావెక్కాయి. ఈసారి కొత్త మందు వెతకనక్కర్లేదు. 1990ల మధ్యలో కొన్ని బృందాలు వైలీ, మెక్‌లారెన్‌ల "కాసేపు ఆగడం" బయటికి తీశాయి. లేజర్ కొట్టాక కొన్ని వందల నానోసెకన్లు ఆగి, అప్పుడు వోల్టేజీ పెట్టడం. నలభై ఏళ్ల కిందటి చిట్కా ప్రోటీన్ల శిఖరాలను సూదుల్లా నిలబెట్టింది.

గొట్టం చివర జరిగేది కూడా చూడాలి. డిటెక్టర్ అంటే నాణెం కన్నా పెద్దగా ఉండే పలుచని గాజు బిళ్ల. దాని నిండా వెంట్రుక కన్నా సన్నని, పది మైక్రాన్ల పాటి రంధ్రాలు లక్షల కొద్దీ ఉంటాయి. అయాను ఒక రంధ్రం గోడను తాకితే ఒకటో రెండో ఎలక్ట్రాన్లు ఊడతాయి. బిళ్లకు పెట్టిన వెయ్యి వోల్టులు వాటిని లోపలికి లాగుతాయి. అవి గోడలను గుద్దుకుంటూ ప్రతిసారీ మరికొన్నింటిని ఊడగొడతాయి. రెండు బిళ్లలు వరసగా పెడితే ఒక్క అయాను అవతలి వైపు పది లక్షల ఎలక్ట్రాన్ల జల్లుగా మారుతుంది. దాన్ని కొలవడం ఎలక్ట్రానిక్స్‌కు కష్టం కాదు. బరువైన అయాన్లు మాత్రం నెమ్మదిగా వచ్చి తాకుతాయి కనుక ఎలక్ట్రాన్లను ఊడగొట్టడంలో వెనకబడతాయి. సూత్రానికి పై హద్దు లేకపోయినా ఆచరణలో హద్దు పెట్టేది చాలావరకు ఈ డిటెక్టరే.

గొట్టం పొడవు కచ్చితంగా కొలవాలా? ఎవరూ కొలవరు. ద్రవ్యరాశి ముందే తెలిసిన కొన్ని అణువులను పంపి, అవి ఎప్పుడు చేరాయో చూసి, ఆ లెక్కతో తెలియని వాటిని తూస్తారు. అయితే గది వేడెక్కితే గొట్టం సాగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం ఒక మీటరుకు, ఒక డిగ్రీకి పదహారు పదిహేడు మైక్రాన్లు పెరుగుతుంది. ఆ కాస్తకే 1000 డాల్టన్ల అణువు తూకం 0.03 డాల్టన్లు తప్పుతుంది. ఏసీ ఆగిపోతే ఈ గదుల్లో పనిచేసేవాళ్లు ఎందుకు కంగారుపడతారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఈ పరికరం సామాన్యుడి ప్రాణానికి దగ్గరగా వచ్చింది ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో. ఐసీయూలో జ్వరంతో ఉన్న రోగి రక్తంలో సూక్ష్మజీవి ఉంది, అది ఏదో తెలియాలి. కల్చర్ ప్లేటు మీద కాలనీలు పెరిగాక పాత పద్ధతిలో అది ఏ చక్కెరను పులియబెడుతుంది, ఏ ఎంజైము చూపిస్తుంది అని పరీక్షలు పెట్టి సాధారణంగా మరో రోజు ఆగాలి. ఇప్పుడు టెక్నీషియన్ ఒక టూత్‌పిక్ కొనతో కాలనీని తాకి, స్టీలు పలక మీద ఆవగింజంత గుండ్రటి గడిలో పలుచగా పూస్తుంది. ఒక పలక మీద అలాంటి గడులు 96 దాకా ఉంటాయి. ఈస్ట్ లాంటి మొండి కణాలైతే పైన ఒక మైక్రోలీటరు ఫార్మిక్ ఆమ్లం చుక్క వేసి గోడలు పగలగొడుతుంది. ఆ పైన ఒక మైక్రోలీటరు మ్యాట్రిక్స్. రెండు నిమిషాల్లో ఆరి, లేత పసుపు స్ఫటికాల పొర మెరుస్తుంది. పలకను పరికరంలోకి తోస్తే గాలి తోడేసి, లేజర్ ఒక్కో గడిని కొన్ని వందల సార్లు కొడుతుంది. కాసేపట్లో తెర మీద 2000 నుంచి 20,000 డాల్టన్ల దాకా శిఖరాల వరస వస్తుంది.

ఆ శిఖరాల్లో చాలావరకు రైబోసోమ్ ప్రోటీన్లు. ప్రతి బ్యాక్టీరియాలోనూ ప్రోటీన్లు తయారుచేసే ఈ రైబోసోమ్ యంత్రాలు వేల కొద్దీ ఉంటాయి. అందుకే వాటి భాగాలు మిగతా వాటికన్నా పుష్కలంగా దొరుకుతాయి, పైగా అవి ప్రోటాన్‌ను సులువుగా అందుకునే రకం. ఈ.కోలైలో 5381 దగ్గర ఒక శిఖరం, 10,300 దగ్గర ఒక శిఖరం ఎప్పుడూ ఉంటాయి. మన మీటరు గొట్టంలో అయితే మొదటిది 37 మైక్రోసెకన్లకు, రెండోది 52 మైక్రోసెకన్లకు చేరుతుంది. మరో జాతి బ్యాక్టీరియాలో అవే ప్రోటీన్లలో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారి ఉంటాయి, శిఖరం పక్కకు జరుగుతుంది. ఈ జరిగిన శిఖరాల అమరికను కంప్యూటర్ తన గ్రంథాలయంలోని వేల అమరికలతో పోల్చి పేరు చెబుతుంది. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి పరికరానికి 2013లో అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మన పెద్ద ఆసుపత్రుల్లోనూ ఇవి ఉన్నాయి.

దీని హద్దులు కూడా చెప్పాలి, లేకపోతే రోగికి అన్యాయం చేసినట్టవుతుంది. ఈ.కోలై, షిగెల్లా వంశంలో ఎంత దగ్గరివంటే ఈ శిఖరాలతో వాటిని నమ్మకంగా విడదీయలేం. గ్రంథాలయంలో లేని జీవికి సరైన పేరు రాదు. క్యాండిడా ఆరిస్ అనే ఈస్ట్‌ను 2009లో జపాన్‌లో మొదట వర్ణించారు. అది చాలా మందులకు లొంగదు, ఐసీయూలో ఒక మంచం నుంచి మరో మంచానికి పాకుతుంది. పాత జీవరసాయన పరీక్షలు దాన్ని క్యాండిడా హెములోనీ అని పొరబడేవి. దాని శిఖరాలను గ్రంథాలయంలో చేర్చాక మాల్డీ-టాఫ్ దాన్ని సరిగా పట్టుకుంటోంది. ఇంకో మాట, జీవి పేరు తెలిసినంత మాత్రాన ఏ మందుకు లొంగుతుందో పూర్తిగా తెలిసినట్టు కాదు. ఆ పరీక్షకు ఇప్పటికీ వేరే సమయం పడుతుంది. కానీ పేరు ఒక రోజు ముందు తెలియడం వల్ల డాక్టర్ సరైన మందుల వైపు ఒక రోజు ముందు మళ్లగలడు. సెప్సిస్‌లో ఒక రోజు చాలా పెద్దది.

అన్నీ లేజర్‌తోనే ఎగరవు. ద్రవాన్ని సన్నటి సూదిలోంచి అధిక వోల్టేజీ కింద చిమ్మితే ఆవేశమున్న తుంపర వస్తుంది, అది ఆరి అయాన్లు మిగులుతాయి. 2002 నోబెల్‌లో తనాకాతో పాటు భాగం పొందిన జాన్ ఫెన్ పద్ధతి ఇది. ఇందులో అయాన్లు ఆగకుండా ప్రవాహంలా వస్తాయి, టాఫ్‌కేమో విడతలు కావాలి. దీనికి పరిష్కారం అయాన్ల ప్రవాహాన్ని గొట్టానికి అడ్డంగా, నెమ్మదిగా రానిచ్చి, లంబంగా ఒక్క తోపు తోయడం. అయాన్లకు అంతకుముందున్న వేగం అడ్డంగా ఉంది కనుక ముందుకు సాగే ప్రయాణకాలాన్ని అది ముట్టుకోదు. బయలుదేరే గీత ఇంత చక్కగా మరే పద్ధతిలోనూ కుదరదు. హైదరాబాద్ మందుల కంపెనీల్లో క్యూ-టాఫ్ అని పిలిచే పరికరాలు ఈ రకానివే. ఒక మాత్రలో నూటికి 0.1 వంతు కలిసిన మలినం ఏ అణువో తేల్చడానికి దాని ద్రవ్యరాశి దశాంశాల దాకా కావాలి. తార్నాకలోని రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో మాస్ స్పెక్ట్రోమెట్రీ జాతీయ కేంద్రమే నెలకొంది.

దశాంశాల దాకా ఎందుకంటారా? 28 అన్న అంకె తీసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ 28. నత్రజని అణువు 28. ఇథిలీన్ కూడా 28. ముతక పరికరానికి మూడూ ఒకటే. కానీ కచ్చితంగా తూస్తే కార్బన్ మోనాక్సైడ్ 27.995, నత్రజని 28.006, ఇథిలీన్ 28.031. కేంద్రకాలను పట్టి ఉంచే శక్తి ఒక్కో మూలకంలో ఒక్కోలా ఉండడం వల్ల ఈ చిల్లర తేడాలు వచ్చాయి. మన మీటరు గొట్టంలో కార్బన్ మోనాక్సైడ్‌కూ నత్రజనికీ మధ్య ఆలస్యం అర నానోసెకను.

ఈ అర నానోసెకను భూమ్మీద కన్నా అంతరిక్షంలో పెద్ద ప్రశ్న అయింది. టాఫ్ బరువు తక్కువ, కదిలే భాగాలు లేవు, పెద్ద అయస్కాంతం అక్కర్లేదు. అందుకే వ్యోమనౌకలకు నప్పింది. 1986 మార్చిలో యూరప్ వారి జొట్టో, సోవియట్ వారి వేగా నౌకలు హాలీ తోకచుక్క పక్కగా పోయినప్పుడు వాటిలో ధూళిని తూచే టాఫ్‌లున్నాయి. వాటికి లేజర్ లేదు, సూది లేదు. జొట్టోను ధూళికణాలు సెకనుకు 68 కిలోమీటర్ల వేగంతో తాకాయి. మన గొట్టంలో ప్రోటీన్ ముక్క పోయిన వేగం కన్నా ఇది కాస్త ఎక్కువ. ఆ వేగంతో లోహపు పలకను గుద్దుకున్న కణం దానంతటదే పగిలి, ఆవిరై, అయాన్లుగా మారుతుంది. గుద్దుకున్న క్షణమే బయలుదేరిన క్షణం. తోకచుక్క ధూళిలో రాతి పదార్థంతో పాటు కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నత్రజనులతో నిండిన కణాలున్నాయని అలా తెలిసింది.

శని చుట్టూ తిరిగిన కసీనీ నౌకలోనూ అలాంటి ధూళి పరికరమే ఉంది. శని ఉపగ్రహం ఎన్సెలడస్ దక్షిణ ధ్రువం నుంచి మంచుకణాలు అంతరిక్షంలోకి చిమ్ముతుంటాయి. అవి కసీనీలోని రోడియం పలకను తాకినప్పుడు వచ్చిన స్పెక్ట్రాల్లో 2009లో సోడియం లవణాలు బయటపడ్డాయి. మంచు కింద ఉప్పునీటి సముద్రం ఉందనడానికి అది గట్టి ఆధారం. కసీనీ 2017 సెప్టెంబర్‌లో శనిలో పడి కాలిపోయింది. కానీ అది పంపిన పాత స్పెక్ట్రాలను తిరగేస్తూ పోతే 2023లో ఫాస్ఫేట్ల జాడ దొరికింది. డీఎన్‌ఏకు వెన్నెముక లాంటి ఫాస్ఫరస్ భూమికి అవతలి సముద్రం ఒకదానిలో ఉందని తేలడం అదే మొదటిసారి.

ఆ చిమ్ముతున్న వాయువుల్లో మాత్రం ఒక చిక్కు మిగిలిపోయింది. వాయువులను తూచడానికి కసీనీ మోసుకుపోయినది క్వాడ్రుపోల్ పరికరం. అది 28 దగ్గర శిఖరం చూపింది. కార్బన్ మోనాక్సైడా, నత్రజనా, ఇథిలీనా అన్నది విడదీయలేకపోయింది. 2024 అక్టోబర్ 14న గురుగ్రహం వైపు బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌకలో ఇలాంటి చిక్కు రాకూడదని మాస్పెక్స్ అనే టాఫ్‌ను పెట్టారు. అందులో మమీరిన్ అద్దాలు రెండు ఎదురెదురుగా ఉంటాయి. అయాన్లు వాటి మధ్య అటూ ఇటూ ఎన్నోసార్లు తిరిగి, అప్పుడు గానీ డిటెక్టర్ దగ్గరికి పోవు. దారి పది రెట్లయితే అర నానోసెకను ఐదు నానోసెకన్లవుతుంది. నౌకలో ధూళిని తూచే సూడా అనే మరో టాఫ్ కూడా ఉంది. రెండూ 2030 ఏప్రిల్‌లో గురుగ్రహాన్ని చేరుకుంటాయి.